చామనఛాయ చర్మంపై లాంగ్ పల్స్ లేజర్: మూడేళ్ల వాడకం తరువాత

గడ్డం మీద, దవడల కింద వచ్చే ముదురు వెంట్రుకలకు హనుమకొండలోని ఒక చర్మవైద్యురాలి వద్ద మూడేళ్లుగా లేజర్ చికిత్స తీసుకుంటున్నాను. వారు వాడేది లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ అనే లేజర్ యంత్రం. పల్స్ అంటే ఒక్కో కాంతి మెరుపు, ఇందులో అది కాస్త ఎక్కువసేపు ఉంటుంది. దాని కాంతి తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. ముదురు వెంట్రుకల్లో చాలా భాగం పోయాయి, మిగిలినవి సన్నబడ్డాయి, చర్మం మీద మచ్చ పడలేదు. అన్నీ పోలేదు, పోతాయని డాక్టరుగారు మొదటి రోజు కూడా అనలేదు.

నాలాంటి రంగున్నవారికి యంత్రం ఎంపికే అసలు విషయం. ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు 1975లో ప్రారంభించిన చర్మపు రంగుల వర్గీకరణలో ఇప్పుడు ఆరు తరగతులున్నాయి, ఒకటోది అత్యంత తెలుపు, ఆరోది అత్యంత నలుపు. నా చర్మం ఐదో తరగతికి చెందుతుంది. ఆండర్సన్, పారిష్ అనే పరిశోధకులు 1983లో వివరించిన సూత్రం ప్రకారం వెంట్రుకలోని మెలనిన్ (రంగునిచ్చే పదార్థం) కాంతిని పీల్చుకొని వేడెక్కి, ఆ వేడి కుదురును దెబ్బతీస్తుంది. అయితే అదే మెలనిన్ మన చర్మం పైపొరలోనూ దండిగా ఉంటుంది కనుక, కాంతి కుదురు దాకా చేరకముందే పైపొర కాలే ప్రమాదం ఉంది. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ మెలనిన్ కాంతిని పీల్చుకోవడం తగ్గుతుంది, కాంతి లోతుకు వెళుతుంది. అందుకే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లని చర్మానికి బాగా పనిచేసినా నల్లని చర్మానికి ప్రమాదకరం కాగలదు. 810 ప్రాంతంలోని డయోడ్ లేజర్ నేర్పున్న చేతుల్లో ఫరవాలేదు. 1064 అన్నింటిలోకి సురక్షితం. 1064 అన్న అంకె ఒక్కటే చూసి సంతృప్తి పడకూడదు. పచ్చబొట్లు తీయడానికి, కార్బన్ ఫేషియల్‌కు వాడే క్యూ స్విచ్డ్ యంత్రానిదీ అదే తరంగదైర్ఘ్యం, కానీ దాని పల్స్ నానోసెకన్లలో ముగుస్తుంది. కుదురు దాకా వేడి చేరాలంటే మిల్లీసెకన్ల పల్స్ కావాలి.

దీనికి ముందు ఒక బ్యూటీ పార్లర్‌లో ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్) చేశారు. ఐపీఎల్ లేజర్ కాదు. అనేక తరంగదైర్ఘ్యాలు కలిసిన కాంతి మెరుపు. నా రంగు చూసి యంత్రాన్ని సరిచేయాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు, ముందుగా చిన్న చోట పరీక్షించనూ లేదు. మరునాటికి దవడ మీద దీర్ఘచతురస్రాకారంలో, యంత్రపు అద్దం ఎంత ఉందో సరిగ్గా అంతే మేర, గోధుమరంగు మచ్చలు తేలాయి. అవి మానడానికి నెలలు పట్టింది. డబ్బు అడిగితే క్రీము చేతిలో పెట్టి పంపారు.

ఇప్పుడు వెళ్తున్న చోట పద్ధతి వేరు. వెళ్లగానే మొదటి ప్రశ్న, "ఎండలో తిరిగారా అమ్మా?" అని. ఔనంటే ఆ రోజు చికిత్స ఉండదు. నర్సు ముఖం శుభ్రంగా కడిగించి, రేజరుతో వెంట్రుకలు గీసి, హద్దులను తెల్లని పెన్సిల్‌తో గుర్తిస్తారు. ముదురు రంగు గీత కాంతిని పీల్చుకొని కాలుతుంది కాబట్టి నల్లది వాడరు. కళ్లకు లోహపు కప్పులు పెడతారు. చల్లని గాలి గొట్టం దవడ మీదికి తిప్పి ఉంచి పల్స్ మొదలుపెడితే, పోపులో ఆవాలు చిట్లినట్లు ఒక్కో కుదురు దగ్గర చురుక్కుమంటుంది, కాలిన వెంట్రుక వాసన వస్తుంది. నొప్పి ఐపీఎల్ కంటే ఎక్కువే: వెంట్రుకలోని మెలనిన్ కూడా ఈ కాంతిని తక్కువగానే పీల్చుకుంటుంది కనుక శక్తి ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. కొద్ది నిమిషాల్లో కుదుళ్ల చుట్టూ చిన్న చిన్న ఎర్రని ఉబ్బులు కనిపిస్తాయి. దెబ్బ సరైన చోట తగిలిందనడానికి అదే గుర్తు. చర్మం బూడిదరంగుకు తిరిగినా, పొక్కు లేచినా వెంటనే ఆపాలి. నాకు రాత్రికల్లా ఉబ్బు తగ్గిపోతుంది. తరువాతి రెండు వారాల్లో కాలిన ముక్కలు నల్లని చుక్కల్లా పైకి వచ్చి, ముఖం తుడుచుకుంటే తువ్వాలుకు అంటుకొని రాలిపోతాయి.

చికిత్సల మధ్య థ్రెడింగ్, వ్యాక్సింగ్, పీకడం నిషిద్ధం, ఎందుకంటే కుదురులో వెంట్రుక లేకపోతే కాంతికి గురి ఉండదు. గీసుకోవచ్చు. గీస్తే మరింత ఒత్తుగా మొలుస్తాయని మా అత్తమ్మ ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు, కొస మొద్దుబారడం వల్ల గరుకుగా తగులుతాయి, అంతే. పసుపు రాసుకునే అలవాటున్నవారు ముందు దాన్ని పూర్తిగా వదిలించుకొని వెళ్లాలి. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు కనుక ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాల ఎడం అవసరం.

లోపాలూ ఉన్నాయి. చెంపల మీది నూగుకు ఈ లేజర్ అంతగా పనిచేయదు. పైగా ముఖం మీద, మెడ మీద అలాంటి సన్నని వెంట్రుకలు లేజర్ వేడికి కొందరిలో మరింత ముదురుగా పెరుగుతాయి. అందుకే నేను అడిగినా డాక్టరుగారు చెంపలు ముట్టుకోలేదు. ఆమె మీద నాకు గురి కుదిరింది ఆ రోజే. నెరిసిన వెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి దానికి ఏ లేజరూ పనిచేయదు. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవారిలో హార్మోన్లు అదుపులోకి రాకపోతే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. నాకు రక్తపరీక్షలు చూసి, మందులు మొదలుపెట్టిన తరువాతే లేజర్ వేశారు. గర్భిణులకు సాధారణంగా వాయిదా వేస్తారు.

ఇంట్లో వాడుకునే ఐపీఎల్ పరికరాన్ని కాళ్ల కోసం కొన్నాను. పెట్టెలోని రంగుల పట్టికలో చివరి గడి, అంటే అత్యంత ముదురు రంగు, వాడకూడదని స్పష్టంగా ఉంది. దాని సెన్సర్ మాత్రం నిజాయితీ గలది: మోచేతి లోపలి వైపు పెడితే అతి తక్కువ స్థాయిలో మెరుస్తుంది, ఎండకు కమిలిన వెలుపలి వైపు పెడితే అసలు మెరవదు. కాళ్ల వెంట్రుకలు కొంత తగ్గాయి, కానీ కొన్నాళ్లు ఆపితే తిరిగి వచ్చాయి. ముఖానికి దాన్ని తాకించలేదు.

ఇప్పుడు కొన్ని నెలలకొకసారి వెళితే సరిపోతోంది. ఓరుగల్లులో ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకోను. సన్‌స్క్రీన్ రాసుకున్నా బండి మీద తిరిగే ముఖం కమలక మానదు, కమిలిన చర్మం మీద డాక్టరుగారు ఎలాగూ వేయరు.