చీటీ ఆన్‌లైన్‌లో, సూది మందు ఊళ్ళోనే: బరువు తగ్గించే మందుల ఆన్‌లైన్ సర్వీసులపై రివ్యూ

అచ్చంపేట, దేవరకొండ, గద్వాల లాంటి ఊళ్ళ నుంచి హార్మోన్ల డాక్టరును కలవాలంటే ఒక రోజు పని పోగొట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాలి. మౌంజారో, వెగోవీ లాంటి వారానికో సూది మందులకు ఆన్‌లైన్ సర్వీసులు ఇక్కడే అక్కరకొస్తున్నాయి. వీటిలో డాక్టరు సలహా వరకు మంచి మార్కులే వేయొచ్చు. మందు ఇంటికి చేర్చే పనికి మాత్రం, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకా, పాస్ మార్కులు కూడా కష్టం.

ముందు డాక్టరు సంగతి. ఫారం నింపి చాట్‌లో నాలుగు మాటలు రాయగానే మందుల చీటీ (ప్రిస్క్రిప్షన్) పంపే సర్వీసు జోలికి పోవద్దు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం, మొదటిసారి చూసే పేషెంటుకు వీడియోలో చూడకుండా చాట్‌లోనో ఫోన్‌లోనో ఇలాంటి మందు రాయడానికి వీల్లేదు. చాట్‌బాట్ అసలే రాయకూడదు. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, మీ పేరు, వయసు, మందు అసలు (జెనరిక్) పేరు, డోసు ఉండాలి. నంబరు లేని చీటీ చెల్లదు.

మంచి డాక్టరు వీడియోలో ఏం అడుగుతాడో చూస్తే సర్వీసు నాణ్యత తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? ప్యాంక్రియాస్ (క్లోమం) వాపు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయా? గర్భం కోసం చూస్తున్నారా? షుగరుకు గ్లిమిపిరైడ్ గోలీలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నారా? ఈ చివరి ప్రశ్న అడగకపోతే ప్రమాదం. ఆ మందుల డోసు తగ్గించకుండా సూది మొదలుపెడితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. కల్లు, సారాయి అలవాటు గురించి అడిగినా దాచొద్దు, దానికీ ప్యాంక్రియాస్‌కూ సంబంధం ఉంది. గర్భనిరోధక గోలీలు వాడేవాళ్ళు మౌంజారో మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. దీన్ని చెప్పకుండా వదిలేసే సర్వీసులూ ఉంటాయి.

వీడియోకు ముందే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్, థైరాయిడ్ పరీక్షలు మీ ఊరి ల్యాబులోనే చేయించుకోండి. సర్వీసు వాళ్ళ ప్యాకేజీలోనే చేయించాలన్న రూలేమీ లేదు. బరువు, ఎత్తు, బీపీ కూడా ఇంట్లో అంచనా వేసి చెప్పొద్దు, దగ్గర్లోని దవాఖానలో కొలిపించుకోండి. లేబుల్ ప్రకారం, బరువు తగ్గడానికి ఈ మందులు బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 30 లేదా ఆపైన ఉన్నవాళ్ళకు, లేదా 27, ఆపైన ఉండి బీపీ, షుగరు లాంటివి ఉన్నవాళ్ళకు. పెళ్ళి ముందు అయిదు కిలోలు తగ్గాలనుకునే వాళ్ళకు కాదు.

ఇక పైసలు. 2025 మార్చిలో మౌంజారో వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ (ఒక డోసు చిన్న గాజు సీసా) 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు. ఆ తర్వాత ధరలు మారాయి కాబట్టి డబ్బా మీది ఎమ్మార్పీ చూసి, ప్యాకేజీలో మందు ఎంత, ఫీజు ఎంత అని విడివిడిగా అడగండి. విడదీసి చెప్పనివాళ్ళకు మూడు నెలల డబ్బు ముందే కట్టకండి. మొదటి నెలలోనే వాంతులకు తట్టుకోలేక ఆపేసేవాళ్ళుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నల్లగొండ ఎండలో కొరియర్ బండి పగలంతా తిరిగితే థర్మాకోల్ డబ్బాలోని జెల్ ప్యాక్ సాయంత్రానికి మెత్తబడి గోరువెచ్చగా చేతికొస్తుంది. దానికి వ్యతిరేకమైన తప్పూ ఉంది: గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌కు మందు నేరుగా తగిలి గడ్డకడితే, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ పారేయాల్సిందే. మౌంజారో వయల్ 30 డిగ్రీల లోపు 21 రోజులు ఆగుతుంది, కానీ మే నెలలో ఆ 30 డిగ్రీలు మన ఇళ్ళలో ఎక్కడుంటాయి? అందుకే చీటీ ఆన్‌లైన్‌లో తీసుకుని, మందు మాత్రం మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడిపే మెడికల్ షాపులో తెప్పించుకోవడం మేలు. బిల్లు, బ్యాచ్ నంబరు అడిగి తీసుకోండి. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, ఫ్రీజర్ కింద ఆనించొద్దు.

వయల్ వాడేవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. వయల్‌లో డోసు అర మిల్లీలీటరు. యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్ల) ఇన్సులిన్ సిరంజి మీద అది 50 అని రాసి ఉన్న గీత. "2.5" అని చూసి రెండున్నర గీతల దాకా లాగడం, మిగిలింది వచ్చే వారానికి దాచడం రెండూ తప్పే. క్విక్‌పెన్‌లో (మౌంజారో నాలుగు డోసుల పెన్నులో) నాలుగు డోసులయ్యాక కొంచెం మందు కనిపిస్తుంది. అది అయిదో డోసు కాదు, పారేయాలి. పెన్ను సూదులు విడిగా కొనాలి, ప్రతిసారీ కొత్తది. పొట్ట మీదైతే బొడ్డుకు రెండు అంగుళాలు దూరంగా.

డోసు పెంచేటప్పుడు మళ్ళీ వీడియో పెట్టే సర్వీసుకే డబ్బు పెట్టండి. మౌంజారో అయితే 2.5 మిల్లీగ్రాములు నాలుగు వారాలు, తర్వాత 5. ఆపైన పెంచాలంటే ప్రతి మెట్టు మీదా కనీసం నాలుగు వారాలు. ఆటోమేటిగ్గా పై డోసు బిల్లు చేసే సర్వీసు మంచిది కాదు. మొదటి వారాల్లో బగారా అన్నం, మటన్ దావత్ జోలికి పోకుండా, పప్పు, గుడ్లు, జొన్నరొట్టె కొద్దికొద్దిగా తింటే వికారం తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు అవుతుంటే ఎండాకాలంలో కిడ్నీకి దెబ్బ, నీళ్ళు, ఓఆర్ఎస్ ఆపొద్దు.

పొట్ట పైభాగంలో మొదలై వీపు దాకా పాకే తీవ్రమైన నొప్పి వస్తే చాట్‌లో మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోవద్దు. చీటీ, మందు డబ్బా పట్టుకుని నేరుగా పెద్ద దవాఖానకు పోండి, చివరి సూది ఏ రోజు వేసుకున్నారో అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి.