గేమ్ రూల్స్: ముందే జనానికి చూపించాలా, అచ్చేశాక దిద్దుకోవాలా?

భీమవరంలో మా బ్యాచ్ లంకల కథతో ఓ టేబుల్‌టాప్ ఆర్పీజీ (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, తలో పాత్రగా ఆడే కథల ఆట) రాస్తున్నాం, గొడవంతా దీని మీదే.

ఖర్చు: ముందే పీడీఎఫ్ వదిలితే పెద్దగా ఏం అవదు. అచ్చయ్యాక తప్పు దొరికితే సవరణ కాయితం, లేదా మళ్ళీ ప్రింటు.

శ్రమ: ముందు చూపిస్తే తిట్లన్నీ కూర్చుని చదవాలండీ బాబూ. మొన్న రేవు దాటే రూల్ ఆడిస్తే పంటు ఎక్కడానికే ఆరుసార్లు పాచికలు వేయాల్సొచ్చింది, మా బావైతే "ఈలోగా నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళొచ్చేద్దుం కదరా" అన్నాడు, ఆ రూల్ అక్కడే కొట్టేశాం. అచ్చయ్యాక అంటే ఏం చేసేవాళ్ళం?

రిస్క్: పైజో అనే కంపెనీ వాళ్ళు పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఆట రెండో ఎడిషన్‌ని 2018లో ప్లేటెస్ట్‌కిచ్చి (అంటే ముందే జనంతో ఆడించి చూసి) 2019లో తెచ్చారు. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఇలాంటిదే ఇంకో ఆట) రూల్స్‌ని బయటివాళ్ళు వాడుకునే లైసెన్స్ మార్పు మాత్రం 2023 జనవరిలో లీకై జనం మండిపడ్డాకే ఆ ఆట కంపెనీ విజార్డ్స్ వెనక్కి తగ్గింది. (అది రూల్స్ గొడవ కాదులెండి, అయినా తీరు అదే.)

రూల్స్ కొత్తవైతే ముందే చూపించండి. రూల్స్ పాతవే, కథ మాత్రమే కొత్తదా? అచ్చేసేయండి, హంతకుడెవరో ముందే తెలిసిపోతే ఇంక ఆడేదేముంది.