పద్మనాభం యుద్ధ సంస్మరణకి టెంట్ హౌస్ వాళ్ళని పిలిచాం: రేట్లు, మా అనుభవం

షామియానా 4,500. కుర్చీలు 60, ఒక్కోటి 8 రూపాయల లెక్కన 480. రెండు సౌండ్ బాక్సులు, మైకు, ఆపరేటర్ కలిపి 3,000. జనరేటర్ డీజిల్‌తో సహా 2,500. వ్యాను బాడుగ 1,200. డప్పు మనిషికి 1,500. మొత్తం 13,180 రూపాయలు. ఐదు మార్కులకి మూడున్నర ఇస్తున్నాను. అందులో ఆ అర డప్పు మనిషిది, టెంట్ హౌస్‌ది కాదు.

షాపు పేరు రాయడం లేదు. తగరపువలస చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. పైగా మళ్ళీ వాళ్ళనే పిలవాలి.

నేను ఆర్మీలో 17 ఏళ్ళు చేసి హవల్దారుగా దిగిపోయాను. చుట్టుపక్కల ఊళ్ళలో నాలాంటివాళ్ళం తొమ్మిది మందిమి ఉన్నాం. పెన్షన్ పనుల మీద కలుసుకోవడం, టీ తాగడం, పాత పోస్టింగుల కబుర్లు చెప్పుకోవడం, అంతే. బొబ్బిలి యుద్ధం అంటే బుర్రకథ విన్న ప్రతివాడికీ తెలుసు. అది 1757. దానికి 37 ఏళ్ళ తర్వాత, 1794 జూలై 10న, విజయనగరం రాజు చిన విజయరామరాజు తనవాళ్ళతో కలిసి మన విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ మీద పోరాడి చనిపోయాడని చెబితే మా పక్కింటి కుర్రాడు "నిజమా మావయ్యా, మన పద్మనాభమేనా?" అన్నాడు. కార్తీక అమావాస్యకి కొండ మెట్ల మీద దీపాలు పెట్టడానికి వాడు ఏటా అక్కడికే వెళ్తాడు.

జరిగింది పెద్ద కథేం కాదు. పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయి పడ్డాడని కంపెనీ సంస్థానాన్ని స్వాధీనం చేసుకుంది. నెలకి 1,200 రూపాయలిస్తాం, మచిలీపట్నం వెళ్ళి ఉండమంది. ఆయన వెళ్ళలేదు, పద్మనాభం వచ్చి మకాం వేశాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ దళం వచ్చి మీద పడింది. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. చిన్నవాడైన కొడుకు నారాయణబాబుని మక్కువ వైపు కొండ జమీందార్ల దగ్గరికి చేర్చారు. రాజుగారికి అక్కడ సమాధి ఉంది. ఆయన చుట్టూ పడిపోయిన మామూలు బంటుల కోసం మేం ఒక గంట కేటాయిద్దాం అనుకున్నాం. వాళ్ళ పేర్లు మా దగ్గర లేవు. చిక్కంతా అక్కడే మొదలైంది.

టెంట్ హౌస్ ఓనర్ పొడుగాటి లెడ్జర్ తెరిచి "ఫంక్షన్ ఏటి మాస్టారూ?" అన్నాడు. సంస్మరణ అన్నాను. "అంటే పెద్దకర్మా?" కాదన్నాను. "పార్టీ మీటింగా?" అదీ కాదన్నాను. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. మీటింగయితే రంగుల గుడ్డ, స్టేజీ, ఎక్కువ బాక్సులు. కర్మయితే తెల్ల గుడ్డ, సౌండు తక్కువ, రేటు కూడా తక్కువ. "చనిపోయినోళ్ళ కోసమే గదా, పెద్దకర్మ రేటే ఏస్తాను" అని అలాగే రాసుకున్నాడు. దీనికి ఒక మార్కు ఇప్పుడే ఇచ్చేస్తున్నాను. మనకి తెలియని బేరం వచ్చినప్పుడు రేటు పెంచేవాళ్ళే ఎక్కువ.

ఫ్లెక్సీ వేరే షాపులో వేయించాం, 900. "ఫోటో పంపండి" అన్నాడు. ఫోటో లేదు, ఉండే అవకాశం లేదు అన్నాను. ఫోటో లేని ఫ్లెక్సీ అతనెప్పుడూ వేయలేదట, చివరికి ఒక దీపం బొమ్మ పెట్టాడు. సంవత్సరం మాత్రం 1974 అని కొట్టాడు. 1974 అంటే నేను ఒకటో క్లాసు. ముందు రోజు రాత్రి తెల్ల స్టిక్కర్ మీద స్కెచ్ పెన్నుతో 1794 రాసి అతికించాం.

పూల షాపులో ఇంకో ముచ్చట. సమాధి దగ్గర పెట్టే గుండ్రటి పూలచక్రం, అదే రీత్, కావాలంటే ఆవిడ పాపం బాధగా మొహం పెట్టి "ఎప్పుడు పోనారు బాబూ?" అంది. 231 ఏళ్ళయింది అన్నాను. నన్నోసారి ఎగాదిగా చూసి, బంతిపూలతోనే కట్టేసి 50 తగ్గించింది.

ఇక అసలు రోజు. 2025లో జూలై 10 గురువారం, ఆషాఢ పౌర్ణమి. అంటే ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పందిళ్ళు. విశాఖ చుట్టూ ఉన్న షామియానాలన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి. ఈ సంగతి నాకు బుకింగ్ రోజున తట్టలేదు, వాళ్ళూ చెప్పలేదు. పొద్దున ఆరుకి రావలసిన వ్యాను ఏడుంబావుకి వచ్చింది. దిగిన ముగ్గురు కుర్రాళ్ళకీ రాత్రి కంటిమీద కునుకు లేదు. తెల్ల గుడ్డకి ఒక మూల పులిహోర పసుపు అంటుకుని ఉంది. నేను అరుద్దామనుకున్నాను గానీ, ఒకడు గునపం పట్టుకునే నిలబడి కళ్ళు మూస్తుంటే మాట రాలేదు. మా తొమ్మిది మందిలో ఐదుగురం గుంజలు పాతాం. టెంట్ కట్టడం మాకు కొత్తా ఏంటి. అయినా ఆలస్యం ఆలస్యమే, దానికి ఒక మార్కు కోత.

రెండో కోత నిశ్శబ్దానికి. రీత్ పెట్టాం, రెండు నిమిషాలు మౌనం అని మైకులో చెప్పాను, అందరం లేచి నిలబడ్డాం. అర నిమిషం గడిచిందో లేదో బాక్సుల్లోంచి భక్తి పాట గట్టిగా మొదలైంది. ఆపరేటర్ కుర్రాడు కునికిపాటు నుంచి ఉలిక్కిపడి లేచాడు. మైకులో ఎవరూ మాట్లాడడం లేదు, ప్రోగ్రాం మధ్యలో గ్యాప్ వచ్చిందనుకున్నాడు. గ్యాప్ వస్తే పాట వేయాలి, లేకపోతే ఓనర్ తిడతాడు. అది వాడి ఉద్యోగం. నేను చెయ్యెత్తాను. వాడు సౌండ్ ఇంకా పెంచమన్నాననుకుని పెంచాడు.

చిన్నపిల్లలు నవ్వేశారు. మావాళ్ళలో ఒకాయనకి కోపం వచ్చి పక్కకి వెళ్ళిపోయాడు. నేను కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "రెండు నిమిషాలు ఏం వినపడకూడదురా నాయనా, అదే ఐటెం" అన్నాను. వాడు ఆంప్లిఫయర్ కట్టేశాడు. అంతటితో ఆగక, పరిగెత్తుకెళ్ళి జనరేటర్ కూడా ఆపేశాడు. అది నేను చెప్పలేదు. జనరేటర్ ఆగాక తెలిసింది, అప్పటిదాకా అందరం దాని మీద గొంతు పెంచి మాట్లాడుతున్నామని. దూరంగా ఒక ట్రాక్టరు, ఎవరివో మేకలు. కుర్రాడు చేతులు కట్టుకుని జనరేటర్ పక్కనే నిలబడ్డాడు. రెండో మౌనం పూర్తి రెండు నిమిషాలు జరిగింది.

బ్యూగిల్ విషయంలో మాలో మాకే పేచీ వచ్చింది. చనిపోయిన సైనికుల కోసం బ్యూగిల్ మీద ఊదే లాస్ట్ పోస్ట్ బాణీని ఫోన్‌లో పెట్టి మైకు దగ్గర వినిపిద్దాం అన్నారు ఇద్దరు. ఆ పిలుపు మనకి ఇచ్చింది ఎవరు? వీళ్ళని చంపిన సైన్యం తాలూకు బాణీనే వీళ్ళకి వినిపిస్తామా అని నేను అడ్డం పడ్డాను. ఇంకో మాట కూడా మైకులో చెప్పాను, కొందరికి నచ్చలేదు. ఆ రోజు కంపెనీ వైపు తుపాకీ పట్టినవాళ్ళూ చాలావరకు ఈ దేశపు సిపాయిలే. జీతానికి తుపాకీ పట్టినవాణ్ణి గనక వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు.

బ్యూగిల్ బదులు డప్పు పెట్టమని సలహా ఇచ్చింది టెంట్ హౌస్ ఓనరే. తనకి తెలిసిన పెద్దాయన్ని పంపించాడు. ఆయన ముందుగా కొబ్బరి ఆకుల మంట మీద డప్పు కాచుకుని, వేలితో రెండుసార్లు మీటి చూసి, "సావు దరువా బాబూ, జాతర దరువా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఎవరికి చేస్తున్నామో వివరంగా చెప్పాను. ఆయన తలపంకించి సమాధి వైపు తిరిగి సావు దరువు మొదలెట్టాడు. చాలా నెమ్మదిగా, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మనం ఊపిరి తీసుకునేంత సేపు వదిలి. ఐదారు నిమిషాలయ్యాక, ఎవరూ చెప్పకుండానే, అదే చేత్తో జాతర దరువులోకి మారిపోయాడు. పక్కకి వెళ్ళిపోయిన మావాడు తిరిగొచ్చి నిలబడ్డాడు. 1,500 బేరమాడి 1,200 చేద్దామనుకున్న నాకు సిగ్గేసింది, 2,000 ఇచ్చాను. ఆ 500 నా సొంతం, పై లెక్కలో లేదు.

మీరెవరైనా ఇలాంటిది పెట్టుకుంటే, జనరేటర్ దూరంగా పెట్టించండి, కనీసం యాభై అడుగులు. ఆపరేటర్‌కి ప్రోగ్రాం కాగితం మీద రాసి ఇవ్వండి, మౌనం దగ్గర "పాట వద్దు" అని విడిగా రాయండి. కుర్చీలు దించేటప్పుడే లెక్కపెట్టుకోండి. ఒకటి విరిగిందని మా దగ్గర 350 అడుగుతున్నాడు. అది వచ్చేటప్పటికే విరిగి ఉందని మా వాదన, ఇంకా తేలలేదు.

2026లో జూలై 10 శుక్రవారం. అధిక మాసం వచ్చింది కాబట్టి ఆషాఢ పౌర్ణమి నెలాఖరుకి పోతోంది, గిరి ప్రదక్షిణతో గొడవ ఉండదు. 500 అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. లెడ్జర్‌లో ఈసారి కూడా పెద్దకర్మ అనే రాసుకున్నాడు.