పెరట్లో బీరతీగ, తెరపై పలంపోర్: మెట్ మ్యూజియం ఉచిత చిత్రాలపై ఒక అచ్చుల డిజైనర్ సమీక్ష

అద్దకపు అచ్చులకు డిజైన్లు గీయడం నా వృత్తి. పెడన చుట్టుపక్కల కలంకారీ అద్దకం చేసేవారికి చీర అంచులకూ, కొంగులకూ, దుప్పట్లకూ కావలసిన పువ్వులు, తీగలు, హంసలు కాగితం మీద గీసి ఇస్తాను. ఆ గీతను టేకు చెక్క మీదికి ఎక్కించి పనివారు అచ్చుగా చెక్కుతారు. రేపు ఏం గీయాలన్న ప్రశ్న ఈ పనిలో ఉన్నవారిని ఏనాడూ వదలదు. మామిడి పిందె, నెమలి, తామర మా ముందు తరాలు లెక్కలేనన్ని సార్లు గీసినవే కాబట్టి, ఏమీ తోచని రోజున చేయి అలవాటుకొద్దీ వాటివైపే పోతుంది. రెండేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నేను పెరటిని ఎంత ఆశ్రయిస్తున్నానో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ వారు వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తున్న చిత్రాల సేకరణను అంతగా ఆశ్రయిస్తున్నాను. చేతిపని చేసుకునే మనవారికి అది ఎంతవరకు పనికొస్తుందో నా అనుభవం మేరకు ఇక్కడ రాస్తున్నాను.

1870లో స్థాపించిన ఈ మ్యూజియాన్ని అందరూ మెట్ అని పిలుస్తారు. 2017 ఫిబ్రవరి 7న ఈ సంస్థ తన సేకరణలో కాపీరైటు గడువు దాటిన కళాఖండాల ఫోటోలను, దాదాపు 3,75,000 చిత్రాలను, సీసీ జీరో అనే షరతు కింద లోకానికి వదిలేసింది. ఆ షరతుకు అర్థం చాలా సులువు. చిత్రాన్ని దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాని ఆధారంగా చేసిన వస్తువును అమ్ముకోవచ్చు. అనుమతి అడగనక్కరలేదు, రుసుము కట్టనక్కరలేదు. ఖాతా తెరవమని, ఫోన్ నంబరు ఇమ్మని కూడా ఎవరూ అడగరు. బొమ్మను పెద్దది చేసుకుని దారపు పోగు కనిపించేంత దగ్గరగా చూడవచ్చు.

అమ్ముకోవచ్చు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నాలాంటివారికి అసలు విషయం అదే. బ్రిటిష్ మ్యూజియం కూడా తన సేకరణను ఆన్‌లైన్‌లో ఉదారంగానే చూపిస్తుంది కానీ, దాని చిత్రాలను వ్యాపారానికి వాడకూడదన్న షరతు పెడుతుంది. చదువుకునేవారికి ఆ తేడా పట్టకపోవచ్చు. గీసిన ప్రతి గీతా ఒక చీర మీద అచ్చయి బజారుకు వెళ్లే వృత్తిలో ఉన్నవారికి మాత్రం, ఏ బొమ్మ ముందు కూర్చుంటున్నామో, దాని షరతు ఏమిటో తెలిసి ఉండటం మనశ్శాంతికి సంబంధించిన సంగతి. మెట్‌లో కూడా అన్నీ ఇలా తెరిచి లేవు. కాపీరైటు ఇంకా ఉన్న ఆధునిక చిత్రాలు ఇందులోకి రావు కనుక, వెతికేటప్పుడు ఓపెన్ యాక్సెస్ అన్న గడిని ఎంచుకుంటే ఆ గందరగోళం ఉండదు.

ఈ సేకరణలో నన్ను కట్టిపడేసింది మన తీరపు బట్ట. పలంపోర్ అనే దుప్పటి గురించి వినడమే తప్ప నేను ఎన్నడూ చూడలేదు. మంచం మీద కప్పే బట్ట అనే అర్థమున్న పలంగ్‌పోష్ అన్న మాటే తెల్లవారి నోట పలంపోర్ అయింది. 18వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో కలంతో గీసి, రంగులద్ది, ఓడలకెక్కించి యూరప్‌కు పంపిన ఈ దుప్పట్లు కొన్ని మెట్‌లో ఉన్నాయి. ఈ బట్టల మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ల బతుకు దెబ్బతింటుందని ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. అంతకు ముందటిది, 17వ శతాబ్దం నడుమ గోల్కొండ రాజ్యంలో తయారైన కలంకారీ రుమాలు కూడా ఇదే మ్యూజియంలో ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నమే పెద్ద రేవు. ఆ రేవుకు కూతవేటు దూరంలో కూర్చుని, ఆ బట్టను న్యూయార్క్ తెర మీద మొదటిసారి చూసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

పలంపోర్‌ను దూరం నుంచి చూస్తే ఒక్కటే చెట్టు. గుట్ట మీద నిలబడి, మెలికలు తిరుగుతూ పైకి పోయి, ఒకే కొమ్మకు పది రకాల పూలు పూస్తుంది. ఏ తోటలోనూ అలాంటి చెట్టు ఉండదు. పెద్దది చేసి చూడటం మొదలుపెట్టాక అసలు పాఠం మొదలైంది. ఎర్రటి రేకు లోపల సన్నని తెల్లని చుక్కలు, పక్క రేకులో గళ్లు, ఆ పక్కదానిలో చేప పొలుసు లాంటి వరుసలు. రంగు అంటకూడని చోట ముందుగా మైనం గీసి, ఆపైన పటిక అద్ది, మైనాన్ని తీసేసి రంగులో ఉడికిస్తే మిగిలే తెలుపు అది. అచ్చుతో పనిచేసే మేము అంత సన్నని తెలుపును తేలేము; చెక్కలో గుంత తీసి వదలగలిగినంతే మా తెలుపు. అయినా రేకులన్నింటినీ ఒకేలా నింపేయకుండా, ఒక్కో రేకుకు ఒక్కో నింపుడు ఇవ్వవచ్చన్న ఊహ నాకు ఆ రాత్రే వచ్చింది. తర్వాత గీసిన మందారం బుటాలో అయిదు రేకులకు అయిదు రకాల నింపుళ్లు పెట్టాను. అద్దకం పెట్టేవారు తమంతట తామే ఆ అచ్చును మళ్లీ అడిగారు.

ఇంత పెద్ద సేకరణలో ఊరికే తిరిగితే ఏమీ దొరకదని కూడా ఈ రెండేళ్లలో తెలుసుకున్నాను. మొదట్లో రాత్రి భోజనం తర్వాత ఫోను పట్టుకుని వేలితో తోసుకుంటూ పోయేదాన్ని. వందల బొమ్మలు కళ్ల ముందు కదిలేవి, పొద్దున లేచేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు. ఇప్పుడు పద్ధతి మార్చాను. ఉదయం పెరట్లో ఒక్క వస్తువును ఎంచుకుని పావుగంట దాన్నే చూస్తూ గీస్తాను. అందులో నాకు అర్థం కానిదాన్ని ప్రశ్నగా పెట్టుకుని సాయంత్రం మ్యూజియం పేజీ తెరుస్తాను.

ఒక ఉదాహరణ చెబుతాను. మా బీరపాదు పందిరిని పట్టుకునే నులితీగను ఒక ఉదయం గీయబోయాను. కొస పందిరి కర్రకు చుట్టుకున్నాక ఆ తీగ స్ప్రింగులా ముడుచుకుని పాదును దగ్గరకు లాక్కుంటుందన్న సంగతి తెలిసిందే. గీయడానికి కూర్చుంటే గాని కనిపించనిది ఏమిటంటే, ఆ చుట్లు అన్నీ ఒకే వైపు తిరగవు. సగం దూరం ఒక వైపు తిరిగి, మధ్యలో కాస్త నిటారుగా సాగి, మిగతా సగం వ్యతిరేక దిశలో తిరుగుతాయి. రెండు కొసలూ కట్టుబడి ఉన్న తీగ ఒకే వైపు మెలి తిరుగుతూ పోతే పురి పెరిగిపోతుంది కనుక, ఇటు ఎన్ని చుట్లో అటు అన్ని చుట్లు వేసుకుని ఆ పురిని సరిచేసుకుంటుంది. దీన్ని అంచు డిజైనుగా మార్చాలనిపించింది కానీ, నా గీతలో అది తీగలా కాక ఇనుప స్ప్రింగులా వచ్చింది.

ఆ సాయంత్రం తీగలు, పాదులు, పురుగులు ఉన్న బొమ్మల కోసం వెతుకుతూ జపాను చిత్రకారుడు ఉతమారో వేసిన పురుగుల బొమ్మల పుస్తకం దగ్గర ఆగాను. అది 1788లో చెక్క అచ్చులతో ముద్రించిన పుస్తకం. చెక్క అచ్చు అనగానే నాకు బంధువు ఇంటికి వెళ్లినట్టు అనిపించింది. ఆకుల, తీగల గీతలు ఎక్కడ సన్నబడుతున్నాయో, ఎక్కడ బలపడుతున్నాయో, వాటి చుట్టూ ఎంత ఖాళీ వదిలారో మూడు రోజులపాటు అదే పనిగా చూశాను. నా తీగ చుట్టూ ఆకులు కిక్కిరిసి ఉన్నాయని, గీత మొదటి నుంచి చివరి వరకు ఒకే మందంలో ఉందని అప్పుడు తెలిసింది. సగం ఆకులు తీసేసి, కొస వైపు గీతను సన్నబరిచేసరికి తీగకు ప్రాణం వచ్చింది.

వెతకడం గురించి ఒక మాట. పేజీలు ఇంగ్లీషులో ఉంటాయి, వెతుకులాట కూడా ఇంగ్లీషు మాటలతోనే సాగుతుంది. కలంకారీ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా ఛింట్జ్, పలంపోర్, పెయింటెడ్ కాటన్, కోరమాండల్ కోస్ట్ అన్న మాటలను కూడా విడివిడిగా వాడితేనే మన బట్టలు చాలావరకు బయటపడతాయి. దేశం, కాలం, వస్తువు ఏ పదార్థంతో చేసినది అన్న వడపోతలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు అంతగా రానివారు ఇంట్లో చదువుకునే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే, ఈ నాలుగైదు మాటలు కాగితం మీద రాసిపెట్టుకోవడం గంట పని.

తెర మీద చూసేదానికి ఉన్న పరిమితులను కూడా చెప్పాలి. మొదటిది కొలత. తొమ్మిది, పది అడుగుల పొడవుండే పలంపోర్ ఫోనులో అరచేతి అంత ఉంటుంది. అంత చిన్నగా చూసి ముచ్చటపడి గీసిన ఒక పువ్వును బట్ట మీద చూసుకుంటే బుడిపెలా కనిపించింది. అప్పటి నుంచి ప్రతి వస్తువు పేజీలో రాసి ఉండే కొలతలను ముందు చదివి, టేపుతో గోడ మీద కొలిచి, ఆ పువ్వు అసలు ఎంత ఉండేదో చూసుకున్నాకే పెన్సిల్ పడుతున్నాను. రెండవది రంగు. ఒక పాత బట్టలోని ఎరుపును తెర మీద చూసి, ఆ ఛాయే కావాలని పట్టుబట్టి నాలుగు గజాల బట్ట పాడు చేయించాను. ఆ తప్పు పూర్తిగా నాదే. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద పటిక అద్ది, చిరివేరుతో ఉడికించగా వచ్చిన ఎరుపు, అందునా రెండు వందల ఏళ్లు పాతబడిన ఎరుపు, ఫోను వెలుగులో చూపించే ఛాయ వేరు. గీతను, అమరికను తెర నుంచి నేర్చుకోవచ్చు. రంగును మాత్రం బట్ట మీదే, ఎండలో ఆరేశాకే చూసుకోవాలి.

అందుకే వీలైనప్పుడు అసలు వస్తువును కళ్లారా చూడటాన్ని మానకూడదని నా అభిప్రాయం. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట గడుపుతాను. అద్దం అవతల ఉన్నా సరే, ఒక వస్తువు చుట్టూ నడిచి చూసినప్పుడు కలిగే అంచనా ఏ తెరా ఇవ్వలేదు.

ఉచితంగా ఇచ్చారు కదా అని ఉన్నదున్నట్టు దించేయవచ్చా అని తోటివారు అడుగుతుంటారు. చట్టం అడ్డు చెప్పదు. నేను మాత్రం అలా చేయను. ఆ దుప్పటి గీసినవారి పేరు మ్యూజియం పేజీలో ఉండదు. అక్కడ తీరం పేరు, శతాబ్దం మాత్రమే ఉంటాయి. పేరు మిగలని ఆ మనిషి తన కళ్ల ముందున్న కొమ్మనో, తనకు చేరిన పరదేశపు నమూనానో చూసి తనదైన చెట్టును పెంచాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది నేను నా పెరటి తీగ మీద ప్రయోగించినప్పుడే ఆయన పట్ల మర్యాదగా ఉన్నట్టు నాకు తోస్తుంది. డిజైను వెనక ఫలానా బట్ట ఉందని కాగితం అంచున రాసిపెట్టుకోవడం కూడా అందుకే.

బీరతీగ అంచును చెక్కడానికి ఇచ్చినప్పుడు, నలభై ఏళ్లుగా అచ్చులు చెక్కుతున్న బాబాయిగారు కాగితాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. అచ్చు వేసినప్పుడు బొమ్మ కుడి ఎడమలు తారుమారు అవుతాయి కాబట్టి, బట్ట మీద సరిగ్గా పడాలంటే గీతను తిప్పి చెక్కాలి. ఒకవైపు చూసే హంసకైనా, ఒకవైపు మెలి తిరిగిన తీగకైనా ఈ జాగ్రత్త తప్పదు. "ఈ తీగ సగం ఇటు, సగం అటు తిరిగింది గదమ్మా, దీన్ని తిప్పి చెక్కినా తిప్పకుండా చెక్కినా ఒకేలా పడుద్ది. అచ్చు పక్కన అచ్చు పెడితే అతుకూ కనపడదు. ఎక్కడ చూశావిది?" అని అడిగారు. పలంపోర్ బొమ్మను, ఉతమారో బొమ్మను ఫోనులో చూపించి, ఆ తర్వాత పందిరి కిందికి తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, నులితీగను రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్కో చుట్టూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.