మోడల్ 100: అసలు డ్రైవా, పీసీ ఎమ్యులేటరా?

టాండీ 1983లో తెచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనే చిన్న పోర్టబుల్ కంప్యూటర్‌కి దాని పోర్టబుల్ డిస్క్ డ్రైవ్ (ఫ్లాపీ డ్రైవ్) పలకకపోతే, ముందు పీసీలో డ్రైవ్ ఎమ్యులేటర్ (పీసీని ఆ డ్రైవ్‌లా నటింపజేసే ప్రోగ్రామ్) పెట్టి చూడండి. అది పనిచేస్తే మోడల్ 100 సీరియల్ పోర్టు బాగున్నట్టే. దోషం డ్రైవ్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. ఎమ్యులేటర్‌కు నల్ మోడెమ్ కేబుల్ (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే సీరియల్ కేబుల్), 19,200 బాడ్ వేగం కావాలి. డేటా పంపే, అందుకునే తీగలు (టీఎక్స్, ఆర్‌ఎక్స్) మాత్రమే కలిపి, డేటా ప్రవాహాన్ని అదుపుచేసే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు వదిలేస్తే మధ్యలో ఆగిపోవచ్చు.

డ్రైవ్‌లో మొదటి అనుమానం బెల్టు మీదే. రబ్బరు ఏళ్లకు జిగురైపోతుంది. మోటారు తిరిగినా డిస్క్ కదలదు. పుల్లీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచాకే కొత్తది వేయండి, లేదంటే అదీ జారుతుంది. డిస్కులు డీడీవే (డబుల్ డెన్సిటీ) వాడాలి, హెచ్‌డీవి (హై డెన్సిటీ) వద్దు.

రోజువారీ వాడకానికి ఎమ్యులేటరే నయం. పాత డిస్కుల్లో ఫైళ్లుంటే మాత్రం డ్రైవ్ బాగుచేయక తప్పదు: ఆ ఫార్మాట్‌ను మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్ చదవలేదు.