జాగ్రత్త: ఏఆర్-15కి మజిల్ బ్రేక్ కొంటున్నారా? థ్రెడ్ ఒక్కటి కలిస్తే చాలదు

ఆన్‌లైన్‌లో ముప్పై, ముప్పై అయిదు డాలర్లకు ఒక మజిల్ బ్రేక్ (గ్యాస్‌ని మళ్లించి తన్ను తగ్గించడానికి రైఫిల్ మూతికి బిగించే ముక్క) తెగ కనిపిస్తోంది. "ఏఆర్-15కి సరిపోతుంది, స్టీల్, 1/2-28" అని రాసి ఉంటుంది. నల్లగా నిగనిగలాడే ఫోటో, రెండు పక్కలా గాడులు, మూతి దగ్గర పళ్లలా కోతలు. చూడగానే పేరున్న కంపెనీ సరుకనిపిస్తుంది కానీ దాని మీదా పెట్టె మీదా తయారుచేసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. అమెరికాలో ఉంటూ వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లు ఎవరైనా దాన్ని కార్ట్‌లో పెట్టుకుని ఉంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఇప్పటికే కొని బిగించేసి ఉంటే, దాంతో ఇక ఒక్క రౌండ్ కూడా కాల్చకండి.

నాది 5.56 ఎంఎం తూటా వాడే ఏఆర్-15 రైఫిల్, బ్యారెల్ పదహారు అంగుళాలు. పార్సిల్ విప్పి చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. స్టీల్ ముక్కకి ఉండాల్సిన బరువు లేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే పట్టుకోలేదు. లిస్టింగ్‌లో మాత్రం '4140 స్టీల్' అని స్పష్టంగా ఉంది. 4140కి అయస్కాంతం అంటుకుని తీరాలి. (టైటానియానికీ కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కీ అంటుకోదు. కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే అన్ని సరుకుల్నీ నకిలీ అనేయకండి. ముందు ఏ లోహమని రాశారో చూసి, ఆ తర్వాత పరీక్షించండి.) మా డాలస్ వైపున్న ఒక గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆకురాయితో ఒక మూల చిన్నగా గీకాడు. నల్ల పూత లేచిపోయి కింద తెల్లటి మెత్తని లోహం బయటపడింది. అల్యూమినియం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఆయన దాన్ని నా బ్యారెల్‌కి చేత్తోనే తిప్పి ఎక్కించి, మూతిలోంచి అలైన్‌మెంట్ రాడ్ దించాడు. బ్యారెల్ రంధ్రంలో వదులు లేకుండా పట్టే నిటారైన ఉక్కు కడ్డీ అది. బ్రేక్ రంధ్రం మధ్యలోంచి ఆ కడ్డీ రావాలి, చుట్టూ సందు సమానంగా కనపడాలి. ఇక్కడేమో ఎడమ పక్క కడ్డీ అంచుకి ఆనుకుపోయింది, కుడి పక్క గోరు దూరేంత ఖాళీ. అంటే లోపలి థ్రెడ్, ముందున్న రంధ్రం ఒకే గీత మీద లేవు. సెకనుకి దాదాపు మూడు వేల అడుగుల వేగంతో వెళ్లే తూటా ఆ అంచుని తాకితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బ్రేక్ పగలొచ్చు, ముక్కలు పక్క లేన్‌లో నిలబడ్డవాళ్ల మీదికి ఎగరొచ్చు, తూటా దారి తప్పొచ్చు.

అది .22 ఎల్ఆర్ (తక్కువ శక్తి గల చిన్న తూటా) రైఫిళ్ల కోసం చేసిన ముక్క అయి ఉంటుందని ఆయన అనుమానం, నాదీ అదే. మోసం ఇక్కడే నడుస్తోంది. 1/2-28 అంటే అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. 5.56 ఏఆర్ బ్యారెల్‌కి ఉండేది అదే థ్రెడ్. చాలా .22 ఎల్ఆర్ రైఫిళ్లకీ అదే, 9 ఎంఎం బ్యారెళ్లలో చాలావాటికీ అదే. కాబట్టి ".22 ఎల్ఆర్ బ్రేక్ ఏఆర్‌కి ఎక్కుతుంది" అన్న మాట అబద్ధం కాదు, ఎక్కుతుంది. కానీ .22 ఎల్ఆర్‌కి చాంబర్‌లో (తూటా పేలే చోట) గరిష్ఠ ఒత్తిడి 24,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 5.56కి జోడీలాంటి .223 రెమింగ్టన్ తూటాకి 55,000. మొదటిదానికి చాలిన పల్చటి అల్యూమినియం గోడలు రెండోదాని మూతిలోంచి వచ్చే వేడికీ గ్యాస్‌కీ ఎన్నాళ్లు ఆగుతాయి? ఇంకో ఘోరం కూడా ఉంది. ఇదే 1/2-28 థ్రెడ్‌తో 5.56 కోసం చేసిన డివైస్‌ని 9 ఎంఎం బ్యారెల్‌కి పెట్టారనుకోండి. 9 ఎంఎం తూటా వ్యాసం 0.355 అంగుళాలు, 5.56 తూటాది 0.224. ఆ రంధ్రంలోంచి ఆ తూటా పట్టే ప్రసక్తే లేదు. మర తిరిగింది కదా అని ధైర్యపడకూడదనేది ఇందుకే.

అమ్మినవాడికి ఫోటోలన్నీ పంపాను. మొదటి జవాబు: "బిగించిన సరుకు వాపసు తీసుకోం." బిగించలేదు, చేత్తో తిప్పి చూశామంతే అంటే, "థ్రెడ్ దగ్గర గీతలు కనిపిస్తున్నాయి" అన్నాడు. ఆ గీతలు వాళ్ల దగ్గర్నుంచి వచ్చినవే. లోహం గురించి అడిగిన ప్రశ్నకి మాత్రం అటు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. రెండు రోజుల్లో లిస్టింగ్‌లో '4140' అన్న అంకె ఎగిరిపోయి 'హై గ్రేడ్ మెటల్' అని వచ్చింది. నేను పాత పేజీని ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను కాబట్టి క్రెడిట్ కార్డ్ కంపెనీలో డిస్ప్యూట్ వేస్తే డబ్బు వెనక్కి వచ్చింది. మీరూ ఇలాంటివి క్రెడిట్ కార్డ్‌తోనే కొనండి. బిల్లు వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు చట్టం ఇచ్చింది. జెల్ (Zelle) యాప్‌లోనో ఇంకో యాప్‌లోనో నేరుగా పంపితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

సరే, కొనేముందు ఏం చూడాలి? లిస్టింగ్‌లో క్యాలిబర్ (తూటా సైజు), థ్రెడ్, లోహం మూడూ విడివిడిగా, అంకెలతో సహా రాసి ఉండాలి. "ఏఆర్‌కి సరిపోతుంది" అన్న మాటకి విలువ లేదు, ఎందుకంటే ఏఆర్ అనేది క్యాలిబర్ కాదు. అదే ఆకారంలో .300 బ్లాకౌట్ అనే వేరే తూటా వాడే రైఫిల్ కూడా ఉంటుంది, దాని బ్యారెల్ థ్రెడ్ సాధారణంగా 5/8-24. ఏకే-47 రకాల రైఫిళ్లకి చాలావరకు 14 మిల్లీమీటర్ల ఎడమచేతి థ్రెడ్. ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకులకీ 14 మిల్లీమీటర్ల ఎడమచేతి థ్రెడ్డే వాడుతుంటారు. పెద్ద కంపెనీల డిజైన్లకి ఎయిర్‌సాఫ్ట్ నకళ్లు బోలెడు వస్తాయి, పైన ముద్రతో సహా అచ్చు దిగినట్టే ఉంటాయి. నూట యాభై డాలర్ల సరుకు నలభైకి దొరుకుతోందంటే అది నకలేనన్నది నా లెక్క.

బిగించేటప్పుడు ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, వేలితో తడిమి చూసుకోండి. క్రష్ వాషర్ (బ్రేక్ వెనక నలిగి దాన్ని సరైన కోణంలో ఆపే రింగు) ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, తీసి మళ్లీ వాడకండి. ముందుముందు సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం, అంటే సైలెన్సర్) తగిలించే ఆలోచనతో దానికి మౌంట్‌గా పనికొచ్చే బ్రేక్ కొంటే క్రష్ వాషర్ జోలికే వెళ్లొద్దు, కంపెనీ ఇచ్చే షిమ్‌లు (పల్చటి రింగులు) వాడాలి. క్రష్ వాషర్ ఒక పక్కకి ఎక్కువ నలిగితే మౌంట్ ఒరుగుతుంది, దాంతోపాటు సప్రెసరూ ఒరుగుతుంది. పాతది బిగుసుకుపోయి రాకపోతే రిసీవర్‌ని (రైఫిల్ నడిమి భాగాన్ని) వైస్‌లో బిగించి మెలితిప్పకండి, బ్యారెల్‌ని పట్టే పనిముట్టు వేరే ఉంది. అది లేకపోతే ఇరవై, ముప్పై డాలర్లు పోయినా గన్‌స్మిత్‌కి ఇవ్వడమే మేలు.

ఇంతకీ బ్రేక్ అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించుకోండి. రైఫిల్‌తో పాటు వచ్చిన ఏ2 ఫ్లాష్ హైడర్ (మూతి దగ్గర మంట కనపడకుండా తగ్గించే ముక్క) విడిగా కొన్నా పది డాలర్ల చిల్లర. 1980లలో అమెరికా సైన్యం రైఫిల్ ఎం16ఏ2తో వచ్చిన డిజైన్ అది. కింది వైపు గాడులు లేకపోవడం వల్ల పడుకుని కాల్చేటప్పుడు దుమ్ము లేవదు, మూతి పైకి ఎగరడం కాస్త తగ్గుతుంది. 5.56కి తన్ను అసలే తక్కువ. వరసగా వేగంగా కాల్చే పోటీలకి వెళ్లేవాళ్లకి బ్రేక్ పనికొస్తుంది, కాదనను. గ్యాస్‌ని పక్కలకీ వెనక్కీ మళ్లించే పరికరం కాబట్టి ఆ మోత కూడా పక్కలకీ వెనక్కీ కొడుతుంది. ఇండోర్ రేంజ్‌లో పక్క లేన్‌లో ఎవరో బ్రేక్‌తో కాలుస్తుంటే ప్రతి షాట్‌కీ ఛాతీ మీద గుద్దినట్టుంటుంది, బెంచీ మీది కాగితాలు ఎగిరిపోతాయి. రైఫిల్ శబ్దం మామూలుగానే 160 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన ఒక్క పేలుడు శబ్దమే చెవికి శాశ్వతంగా నష్టం చేయగలదంటారు. బ్రేక్ వాడితే చెవిలో ప్లగ్గులు పెట్టుకుని, వాటి మీద మఫ్‌లు కూడా తప్పనిసరి. నన్నడిగితే ఇండోర్‌లో కాల్చేవాళ్లకి ఏ2 చాలు. లేదంటే మోతని ముందుకి నెట్టే లీనియర్ కాంపెన్సేటర్ చూడండి, దాంతో తన్ను పెద్దగా తగ్గదు కానీ పక్కవాళ్లు తిట్టుకోరు.

ఇక చట్టం. అమ్మేవాడు దీని గురించి ఒక్క ముక్క చెప్పడు. టెక్సాస్‌లో హాయిగా వాడుకున్న రైఫిల్‌ని ఉద్యోగం మారి న్యూజెర్సీకి తీసుకెళ్తే అక్కడది నేరం కావచ్చు. మార్చుకునే మ్యాగజైన్ ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి అక్కడి జాబితాలోవి రెండు లక్షణాలుంటే నిషేధం. పిస్టల్ గ్రిప్ ఒకటి, ఫ్లాష్ హైడర్ లేదా థ్రెడ్ ఉన్న బ్యారెల్ ఇంకొకటి. అందుకే అక్కడివాళ్లు బ్రేక్‌ని ఊడిరాకుండా పిన్ పెట్టి వెల్డింగ్ చేయించుకుంటారు. న్యూయార్క్‌లో 2013 చట్టం ప్రకారం ఒక్క లక్షణమున్నా చాలు, ఆ జాబితాలో ఫ్లాష్ హైడర్‌తో పాటు మజిల్ బ్రేక్, కాంపెన్సేటర్ కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో బ్రేక్‌కి ఫర్వాలేదు, ఫ్లాష్ హైడర్‌తోనే చిక్కు. అక్కడ "హైబ్రిడ్, మంట కూడా తగ్గిస్తుంది" అని అమ్మే బ్రేకులు కొంటే ఆ ప్రకటనే మీ మీద సాక్ష్యమవుతుంది. ఇవేకాక కొన్ని ఏఆర్ రకాలని పేరు పెట్టి నిషేధించిన రాష్ట్రాలూ ఉన్నాయి. ఇల్లు మారకముందే అక్కడి లాయర్‌నో లైసెన్సున్న డీలర్‌నో అడగండి.

బ్రేకులతో పాటు అవే సైట్లు "సాల్వెంట్ ట్రాప్" (తుపాకీ శుభ్రం చేసే ద్రావకాన్ని పట్టేది) పేరుతో గొట్టాలు, గిన్నెలు పక్కనే చూపిస్తుంటాయి. వాటి జోలికి అసలు పోవద్దు. సైలెన్సర్ కోసం ఉద్దేశించిన విడిభాగాన్ని కూడా ఫెడరల్ చట్టం సైలెన్సర్‌గానే లెక్కేస్తుంది, అలాంటివి తెప్పించుకున్నవాళ్ల ఇళ్లకి ఏజెంట్లు వచ్చిన సందర్భాలున్నాయి. సప్రెసర్ కావాలంటే దర్జాగా కొనుక్కోండి. 1934 నుంచీ ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్, అనుమతి మాత్రం ఇప్పటికీ ఉండాల్సిందే.

హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ప్రత్యేకంగా చెప్తున్నాను. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా, రూమ్మేట్ రైఫిల్ సరదాగా పట్టుకున్నా ఇదే చట్టం. తుపాకీ కేసులో దోషిగా తేలితే దేశం వదిలి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి తుపాకీ దగ్గర పెట్టుకోవడం మీద ఈ వీసా నిషేధం వర్తించదు, కానీ తుపాకీ కేసులో దోషిగా తేలితే వాళ్లకీ ముప్పే.

ఒకాయన ఈ మధ్య అడిగాడు, "ఇండియాలో మా బావకి లైసెన్స్ గన్ ఉంది, ఒక బ్రేక్ సూట్‌కేసులో పట్టుకెళ్లనా" అని. వద్దే వద్దు. మన ఆయుధాల చట్టం, 1959 దృష్టిలో తుపాకీ విడిభాగం కూడా ఆయుధమే, శంషాబాద్‌లో దిగగానే పట్టుకుంటే బావ లైసెన్స్ మిమ్మల్ని కాపాడదు. ఇటు అమెరికా వైపు కూడా తుపాకీ భాగాల ఎగుమతి మీద నియంత్రణలున్నాయి. బావగారికి ఏం కావాలో అక్కడి లైసెన్సున్న డీలర్‌నే అడగమనండి.