స్కిపియోల ఇంటి వరసలు: రోమ్‌లో నాలుగు రోజులు

అమ్మకు శిథిలాలంటే ఆసక్తి లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తేలితే తప్ప ఏ కథా ఆమెకు ఎక్కదు. అలాంటి మనిషిని రోమ్ తీసుకెళ్తున్నానని ముందు కంగారుపడ్డాను. తీరా వెళ్లాక, మా ఇద్దరిలో రోమ్ బాగా అర్థమైంది ఆమెకే.

మొదటి రెండు రాత్రులు పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జీలో దిగాం. రైలు దిగి నడిచి వెళ్లొచ్చని తీసుకున్నాను. లిఫ్టులో సూట్‌కేసు పడితే మనిషి పట్టడు, మనిషి పడితే సూట్‌కేసు పట్టదు. మూడో రోజు సాన్ జొవాన్నీ పేటలో వంటగది ఉన్న చిన్న ఇంటికి మారాం. చుట్టూ స్థానికులు ఉండే వీధులు, కిందనే కూరగాయల కొట్టు, మెట్రో దగ్గర. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను చెప్పేది ఆ పేటే.

ఇక స్కిపియోల సమాధి. స్కిపియోలంటే ప్రాచీన రోమ్‌లో పేరుమోసిన వంశం. 118వ నంబరు బస్సు అటు వెళ్తుంది. గేటు చూస్తే ఎవరిదో పాత తోట అనిపిస్తుంది. చిన్న బృందాలనే లోపలికి పంపుతారు కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి. మెత్తటి రాతిని తొలిచిన సొరంగాలు, చల్లగా ఉంటాయి. నేల ఎగుడుదిగుడు, మంచి చెప్పులు వేసుకోండి. ఈ వంశంలో పెద్దవాడు స్కిపియో బార్బాటస్, క్రీ.పూ. 298లో కాన్సుల్, అంటే ఆ ఏడాదికి రోమ్‌ను ఏలిన ఇద్దరు అధినేతల్లో ఒకడు. బార్బాటస్ అంటే గడ్డపాయన. అసలు రాతి పెట్టె వాటికన్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది నకలు. దాని మీద తండ్రి పేరు చెప్పి, ‘మీ మధ్య కాన్సుల్‌గా, సెన్సార్‌గా, ఈడైల్‌గా ఉన్నవాడు’ అని పదవులు వరసగా చెక్కారు.

నన్ను ఆపింది మాత్రం ఇంకో శాసనం. ఈ వంశంలోనే ఇరవై ఏళ్లకు పోయిన కుర్రాడిది. ఇతనికి పదవి ఎందుకు రాలేదని అడగకండి అని దాని భావం. చావులో కూడా ఆ ఇల్లు పదవి గురించి సంజాయిషీ చెప్పుకుంది. రోమ్ శత్రు నగరం కార్తేజ్ సేనాని హన్నిబాల్‌ను ఓడించిన స్కిపియో ఆఫ్రికానస్ కోసం ఇక్కడ వెతకొద్దు. రోమ్ మీద అలిగి, దూరంగా లిటెర్నమ్ అనే ఊళ్లో చివరి రోజులు గడిపాడు.

ఆ సాయంత్రం కాపిటోల్ కొండ ఎక్కాం. అక్కడి మ్యూజియంలో కాన్సుళ్ల జాబితా చెక్కిన పాలరాతి పలకలున్నాయి. ప్రతి పేరు పక్కనా ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు అని పొడి అక్షరాల్లో ఉంటుంది. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్‌ను కొట్టి చంపింది ఈ కొండ మీదే. పెద్ద రైతుల చేతిలో ఉన్న ప్రభుత్వ భూమికి పరిమితి పెట్టి, మిగిలింది పేదలకు పంచాలన్న ట్రిబ్యూన్, అంటే సామాన్యుల ప్రతినిధి అతను. సెనేటర్లను వెంటేసుకుని మీదికి వచ్చినవాడు స్కిపియో నాసికా.

‘‘ఆ నాసికా ఇతనికి ఏమవుతాడు?’’ అంది అమ్మ.

‘‘ఇద్దరి తల్లులూ ఆఫ్రికానస్ కూతుళ్లు. నాసికా తల్లి పెద్దది.’’

‘‘అయితే పెద్దమ్మ కొడుకు. అన్న!’’

పుస్తకాల్లో ‘కజిన్’ అని చదివి నేను దాటేసిన మాట అది. అన్న అనేసరికి ఆ మెట్ల మీద ఒళ్లు జలదరించింది. కార్తేజ్‌ను నేలమట్టం చేసిన స్కిపియో ఎమీలియానస్ సంగతి కూడా చెప్పాను. టైబీరియస్ మేనమామ ఇతన్ని దత్తత తీసుకున్నాడు. ఇతను టైబీరియస్ చెల్లెలో అక్కో అయిన సెంప్రోనియాను పెళ్లాడాడు.

‘‘మేనత్త కూతుర్నే కదా చేసుకున్నాడు. మేనరికం,’’ అని తేల్చేసింది. ఆ బావగారే తర్వాత, రాజ్యం కాజేయాలని చూసి ఉంటే టైబీరియస్‌ను చంపడం న్యాయమే అన్నాడని చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

పాత రోమ్ నడిబొడ్డున ఉండే కూడలి ఫోరమ్‌కు రెండు గంటలు చాలు అనుకున్నాం గానీ, నీడ తక్కువ, నడక ఎక్కువ. ఉదయాన్నే వెళ్లండి. దారుల్లో కుళాయిల నీళ్లు తాగొచ్చు, సీసా దగ్గరుంచుకుంటే చాలు. వాటికన్‌కు ఒక పూట అని పెట్టుకుంటే బార్బాటస్ రాతి పెట్టె దాటి ముందుకు వెళ్లలేరు.

చివరి రోజు ప్రాచీన రోమన్ రహదారి అప్పియన్ దారిలో సిసిలియా మెటెల్లా సమాధికి వెళ్లాం. కోట బురుజంత గుండ్రటి కట్టడం. పైన కనిపించే కోట గోడ పళ్లు మధ్యయుగంలో కేతానీ వంశంవారు పెట్టించినవి. ఆ ఇంటివాడైన పోప్ ఎనిమిదో బోనిఫేస్ కాలంలో అది వాళ్ల చేతికి వచ్చింది. సైకిళ్లు అద్దెకిస్తారు గానీ, పాత నల్లరాళ్ల మీద ఎముకలు కదిలిపోతాయి. నడకే మేలు.

పైన పాలరాతి పలక మీద అక్షరాలు చూపించి చదివాను. క్రెటికస్ కూతురు, క్రాసస్ భార్య, సిసిలియా మెటెల్లా.

‘‘ఆవిడ గురించి ఇంకేం రాయలేదా?’’

‘‘లేదమ్మా.’’

‘‘ఇంత పెద్దది కట్టి,’’ అంటూ అమ్మ సీసా మూత తీసి నీళ్లు తాగింది.